గీత పైన ఖాళీ

“పది నిమిషాలు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “పదకొండోది అడక్కు. మూడింటికి ఆమెను కోర్టులో హాజరుపరచాలి.”

మేకు గోడ గడియారం చూశాడు. తొమ్మిదీ నలభై. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆ పేరు అతనికి ఈ స్టేషన్లోనే పడింది. హెడ్ కానిస్టేబుల్‌గా పనిచేసిన రోజుల్లో, ఒకసారి దిగితే గోడ పగలాలే తప్ప ఊడిరాడని అనేవారు. అప్పుడు ఈ ఇన్‌స్పెక్టర్ కొత్తగా వచ్చిన ఎస్సై. చొక్కా మడత నలగనివ్వడు గనక అతన్ని ఇస్త్రీ అనేవారు. మేకు అన్నది మొహం మీద పిలిచే పేరు. ఇస్త్రీ అన్నది వీపు వెనక. తర్వాత మేకు ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నాడు. ఇస్త్రీ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు.

బల్లకు అవతల కూర్చున్న మనిషి నదీ అంచనాల ఆఫీసులో చార్టులు గీస్తుంది. గురువారం ఆమె చార్టు ప్రకారం నది కట్ట దాటకూడదు. మధ్యాహ్నం మూడూ ఇరవైకి దాటింది. దిగువ వీధిలో నలుగురు పోయారు. తప్పు అంచనా ఇచ్చిందని ఆమెను అరెస్టు చేశారు. ఆమె తండ్రి దర్జీ. నిన్న పొద్దున మెడలో టేపు తీయకుండానే మేకు గుమ్మం ముందు నిలబడ్డాడు. “నా కూతురు కొలత తప్పదయ్యా,” అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. మేకు కేసు తీసుకున్నాడు.

“జాలిగా చూడకండి,” అంది ఆమె. “నాకది గిట్టదు.”

“నా దగ్గర అది లేదమ్మా. గురువారం ఏం గీశావు?”

“రోజూ గీసేదే. వాన ఎంత పడుతుందో ఎవడికీ కచ్చితంగా తెలియదు. అందుకని మిషన్ ఒకే లెక్కను యాభైసార్లు వేస్తుంది. ఒకసారి వాన కాస్త ఎక్కువనుకుని, ఒకసారి తక్కువనుకుని. యాభై లెక్కలకు యాభై గీతలు, నూలుపోగుల్లా సన్నగా. మధ్యలో ఒక లావు గీత. జనం లావు గీతను చూస్తారు. నేను పోగులు చూడమంటాను.”

“లావు గీత ఎక్కడిదాకా వెళ్లింది?”

“ఆరు పాయింట్ రెండు మీటర్లు. కట్ట ఎత్తు ఆరున్నర.”

“పోగులు?”

“తొమ్మిది కట్ట దాటాయి.”

“నీళ్లు?”

“ఆరు పాయింట్ తొమ్మిది.” ఆమె గొంతు తగ్గలేదు. “యాభైలో తొమ్మిదంటే ఇంచుమించు అయిదింట ఒకటి. తలుపు తడితే అయిదు ఇళ్లలో ఒక ఇల్లు. అది దాచిపెట్టాల్సిన మాటా?”

“మసకమ్మ అని ఎందుకంటారు నిన్ను?”

మొదటిసారి ఆమె మూతి విరిచింది. “ముందు పోగులు గీసేదాన్ని కాదు. లావు గీత చుట్టూ బూడిదరంగు మసక వేసేదాన్ని. నీళ్లు ఈ మసకలో ఎక్కడైనా ఉండొచ్చు అని. రెండు తిప్పలొచ్చాయి. ఆ లేత రంగును జిరాక్స్ మిషన్లు మింగేసేవి. మింగని చోట జనం మసక అంచునే గోడ అనుకున్నారు. అంచు లోపలుంటే చావు, బయటుంటే పెళ్లి. ఒకాయన తన ఇల్లు మసకకు వేలెడు బయట ఉందని మంచం మీదనుంచి లేవలేదు. అందుకని పోగులకు మారాను. పోగులకు అంచుండదు. లెక్కపెట్టుకోవచ్చు. పేరు మాత్రం మారలేదు.”

“పోగులతో తిప్పల్లేవా?”

“ఉన్నాయి. ఒక్క పిచ్చి పోగు పైకెగిరితే చాలు, మిషన్ దానికోసం చార్టు చట్రాన్నే పెంచేస్తుంది. మిగతావన్నీ కింద నలుగుతాయి. ఆఫీసులో నవ్వుతారు. నేను ముట్టుకోను. ఆ పిచ్చి పోగు అబద్ధమని చెప్పడానికి నేనెవర్ని?”

“గురువారం ఎన్నింటికి పంపావు?”

“పదీ నలభైకి. ఇదివరకు నేరుగా పంపుహౌస్‌కి పంపేదాన్ని, అక్కడ బోర్డుకు అంటించేవారు. బుధవారం కొత్త ఆర్డరొచ్చింది. చార్టు పోలీసు కంట్రోల్ రూమ్‌కే పంపాలి, వాళ్లు పైకి కిందికి పంచుతారని.”

తలుపు దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “ఇక నా ప్రశ్న అడుగు. ఆమె కంప్యూటర్‌లో ఫైలు ఎన్నింటికి సేవయిందో అడుగు. గురువారం సాయంత్రం నాలుగూ అయిదుకి. కట్ట దాటి ముప్పావుగంటయ్యాక. మనుషులు పోయాక తీరిగ్గా కూర్చుని పోగులు వడికింది.”

“రోజూ చివర్లో అసలు నీళ్లు ఎంతొచ్చాయో చార్టు మీద చుక్క పెట్టి మళ్లీ సేవ్ చేస్తాను,” అంది ఆమె, అతని వైపు తల తిప్పకుండా. “ఆ రోజూ పెట్టాను. అది కూడా రాసుకోమనండి.”

“పంపినప్పటి నకలు లేదా?” అన్నాడు మేకు.

“పంపేది లింకేనండీ. ఫైలు ఒక్కటే. ఆ కంప్యూటర్ ఇప్పుడు ఆయన బీరువాలో ఉంది.”

“పది నిమిషాలయింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఎనిమిదే అయింది. నీకు లెక్కలు మొదట్నుంచీ కచ్చితమే,” అని మేకు లేచాడు.

పదీ యాభైకి పంపుహౌస్ చేరాడు. కట్ట మీద రెండు గదులు. ఒకదాంట్లో పంపులు. రెండోదాంట్లో ఒక బల్ల, ప్రింటరు, రిజిస్టరు, గోడకు అట్ట బోర్డు. తలుపు పక్కన ఎర్ర ఇనప్పెట్టె, దానిలో సైరన్ మీట. పెట్టెకు పోలీసులు వేసిన కొత్త తాళం వేలాడుతోంది.

ఆపరేటర్‌ను అందరూ పంపు మామ అంటారు. అరవైకి దగ్గర. గడ్డం నాలుగు రోజులది. పోయిన నలుగురిలో ఒకతె అతని మేనకోడలు. పద్దెనిమిదేళ్లది. దిగువ వీధిలో కుట్టుపనికి వెళ్లేది.

“రాసుకునేదేదో రాసుకుని పో తమ్ముడూ. నాకు మాట్లాడే ఓపిక లేదు.”

“గురువారం కాగితం ఏది?”

“పోలీసులు అడగలేదు. నువ్వెందుకు?”

“అందుకే.”

పంపు మామ బోర్డు వైపు గడ్డం ఊపాడు. కాగితం అంటించిన చోటే ఉంది. నాలుగు మూలలా నాలుగు గుండుసూదులు. ఒక లావు గీత మెల్లగా పైకి లేచి, ఆరు పాయింట్ రెండు దగ్గర వంగి, దిగిపోయింది. దాని పైన కట్ట ఎత్తు చూపే ఎర్ర అడ్డగీత. ఒక్క పోగు కూడా లేదు. కొత్త పెళ్లికొడుకు తలలా నున్నగా దువ్వి ఉంది చార్టు.

“రోజూ ఇది చూసి నువ్వేం చేస్తావు?”

“సూదితో పోగులు లెక్కపెడతాను. కట్ట గీతను ఎన్ని దాటాయో. అయిదు దాటితే సైరన్. ఆ రూలు ఎవరూ రాసివ్వలేదు. ఆ అమ్మాయీ నేనూ కూర్చుని అనుకున్నాం. అయిదంటే పదింట ఒకటి. పదింట ఒకసారి పాము ఉంటుందంటే పుట్టలో చెయ్యి పెడతావా మామా అంది. పెట్టనమ్మా అన్నాను. అంతే.”

“గురువారం?”

“లెక్కపెట్టడానికేముంది? సూది పట్టుకుని నిలబడ్డాను. కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాను, పోగులేవని. ‘వచ్చింది అంటించు, నీకెందుకు’ అన్నారు. సరే, నది బుద్ధిగా ఉందనుకున్నాను.” కిటికీ వైపు తిరిగి, “మా పిల్ల పన్నెండింటికి ఈ కిటికీ దగ్గరకొచ్చి, మామయ్యా, పనికి పోనా మాననా అంది. పో అన్నాను,” అన్నాడు.

మేకు ఓదార్చలేదు. తనను ఓదార్చినవాళ్లెవరూ తనకు మేలు చేయలేదని అతనికి తెలుసు. రిజిస్టరు తిప్పాడు. వచ్చిన టైము, పంపిన ఆఫీసు, సంతకం. నెలల తరబడి ఒకటే వరస: పదీ నలభై అయిదు, అంచనాల ఆఫీసు. గురువారం దగ్గర మాత్రం పదకొండూ ముప్ఫై రెండు, కంట్రోల్ రూమ్. పదీ నలభైకి బయల్దేరిన కాగితం యాభై రెండు నిమిషాలు ఎక్కడో మజిలీ చేసింది.

ఇది చాలదు. ఆలస్యం నేరం కాదు. ఆమె గీసిందే ఒక్క గీత అని ఇస్త్రీ అంటే, కాదనడానికి చేతిలో ఏమీ లేదు.

“పాత కాగితాలు పారేశావా?”

“పారేస్తే పొయ్యిలోకి కూడా పనికిరావు.” తలుపు వెనక ఇనప తీగకు గుచ్చిన కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

ఇరవై ఆరు కాగితాలు. మేకు ఒక్కొక్కటే తిప్పాడు. అన్నిట్లోనూ పోగులున్నాయి. కొన్ని రోజులు చీపురు పుల్లల్లా దగ్గరగా, కొన్ని రోజులు విదిలించిన జుట్టులా చెల్లాచెదురుగా. దగ్గరగా ఉంటే ఆ మనిషి తనకు తెలుసని చెబుతోంది. చెదిరి ఉంటే తనకంత తెలియదని చెబుతోంది. తెలియదని చెప్పడానికి ఇంత శ్రమపడేవాళ్లను మేకు జీవితంలో పెద్దగా చూడలేదు.

అతని భార్యకు ఆపరేషన్ చేసిన డాక్టరు ‘బాగైపోతుంది’ అన్నాడు. ఆమె పోయాక లెక్క చెప్పాడు, నూటికి పన్నెండుమందికి ఇలా అవుతుందని. ముందే ఎందుకు చెప్పలేదంటే, కంగారు పడతారని అన్నాడు. ఏడేళ్లయింది. మేకు ఆ మనిషిని క్షమించలేదు. క్షమించే ఆలోచన కూడా లేదు.

వీధిబడిలో పంతులు పలక మీద పొడుగ్గీత గీయించి, పక్కన అంకెలు వేయించి, ముందు అంకెలు చదవరా, తర్వాత బొమ్మ చూద్దువు అనేవాడు. మేకు అంకెలు చదవడం మొదలుపెట్టాడు. ఎడమ అంచున కింద సున్నా. పైన ఏడు. రెండో కాగితం, ఏడు. మూడోది, ఏడు. కట్ట గీత ఆరున్నర దగ్గర ఉంటుంది గనక చట్రం ఏడు దాకా ఉండాలి. ఇరవై నాలుగు కాగితాల్లో ఏడే. రెండింట్లో మాత్రం ఎనిమిది. ఆ రెండూ పక్కకు తీశాడు. రెండింట్లోనూ ఒక పిచ్చి పోగు ఏడు దాటి ఎగిరింది.

మేకు లేచి బోర్డు దగ్గరకు నడిచాడు. గురువారం కాగితం. కింద సున్నా. వేలితో పైకి పాకాడు. ఆరు. ఏడు.

ఎనిమిది.

ఎర్రగీత ఆరున్నర దగ్గరే ఉంది. దాని పైన ఒకటిన్నర మీటరు ఖాళీ. తెల్లగా, శుభ్రంగా, ఎవరూ లేని వాటాలా.

“మామా, ఇద్దరే ఉండే ఇంటికి నాలుగు గదులెందుకు కడతారు?”

“ఎవరో ఖాళీ చేసి పోయుంటారు.”

“పోలేదు. ఖాళీ చేయించారు.” మేకు ఫోన్ తీసి కాగితాన్ని, రిజిస్టర్ని, పాత కట్టను ఫోటోలు తీశాడు. ఆమె వకీలుకు పంపాడు. కింద ఒక్క వాక్యం రాశాడు: ‘పోగులు తుడిచినవాడు వాటికోసం కట్టిన చట్రం తుడవడం మరిచాడు.’ పదకొండూ పదహారు.

పదకొండూ ఇరవైకి జీపు ఆగింది. ఇన్‌స్పెక్టర్ ఒక్కడే దిగాడు. వంగకుండా బూటు బురద విదిలించుకుని లోపలికొచ్చాడు.

“ఆ కాగితం ఇటివ్వు. సాక్ష్యం.”

“నాలుగు రోజుల్నించి సాక్ష్యం కాదు. నేనొచ్చిన అరగంటకు సాక్ష్యమైందా?”

“వీధిబడి చదువులు చదివి నాకు చార్టులు నేర్పుతావా?”

“వీధిబడిలో ఏడు తర్వాత ఎనిమిది అని నేర్పారు. అది చాలింది.” మేకు చట్రం పైఅంచు చూపించాడు. “మిషన్‌కు ఒక్క లావు గీతే ఇచ్చుంటే ఏడు దగ్గర ఆగేది. ఎనిమిది దాకా వెళ్లిందంటే ఏడు దాటిన పోగు ఒకటి దాని కడుపులో ఉంది. పొద్దున పదీ నలభైకే ఉంది. సాయంత్రం నాలుక్కి వడికింది కాదు.”

ఇన్‌స్పెక్టర్ కాగితం వైపు చూశాడు. నాలుగు గుండుసూదులూ ఒక్కొక్కటే పీకి, కాగితాన్ని అడ్డంగా చింపాడు. మళ్లీ చింపాడు.

“ఫోటోలు వకీలు దగ్గరున్నాయి,” అన్నాడు మేకు. “అయినా చింపు. పాపం, చేతులూరుకోవు.”

“ఏమనుకుంటున్నావురా నువ్వు?” ఇన్‌స్పెక్టర్ గొంతు లేచింది. “పోయిన నెల పంతొమ్మిదిన ఏడు పోగులు దాటాయంది. ఈ ముసలాయన సైరన్ మోగించాడు. రెండువేలమందిని ఇళ్లలోంచి లేపాను. మంచాలు, గిన్నెలు, బాలింతలు, పడకలో ఉన్నవాళ్లు! సాయంత్రందాకా కట్ట మీద కూర్చోబెట్టాను. నది మోకాల్లోతు కూడా పెరగలేదు. మర్నాడు నేను బజారులో నడుస్తుంటే నోటితో సైరన్ కూశారు. నా కూతుర్ని బళ్లో ఏడిపించారు. నాన్నా పులి కథ తెలుసుగా? ఇంకోసారి లేపితే ఒక్కడు కదలడు. అందుకని తీయించాను. ఆర్డరు నాది. పోగులు చూపించే టిక్కు తీయించింది నేను. జనానికి ఒక్క మాట చెప్పాలి. అవును, లేదా కాదు. యాభై గీతలు చూపిస్తే కంగారు పడతారు.”

తను ఏమన్నాడో ఇన్‌స్పెక్టర్‌కు అప్పుడు వినిపించింది. పంపు మామ తలెత్తి చూస్తున్నాడు.

“ఏడు పోగులు దాటాయంటే నలభై మూడు దాటలేదని,” అన్నాడు మేకు. “ఆ రోజు ఆమె తప్పు చెప్పలేదు. నలభై మూడుసార్లు నువ్వు బజారులో నవ్వులపాలవుతావని ముందే గీసి చూపించింది. నీ ఉద్యోగం అది. నీకు చేతకాలేదు. పోతే ఆ కథలో ఆఖర్న పులి వచ్చింది. అది మరిచావు.”

“సార్,” అన్నాడు పంపు మామ. అతని గొంతు చాలా మామూలుగా ఉంది. “మా పిల్లకి పో అని చెప్పింది నేననుకున్నాను సార్. నాలుగు రోజులుగా.”

ఇన్‌స్పెక్టర్ జవాబివ్వడానికి నోరు తెరిచాడు. అప్పుడే బల్ల మీద ప్రింటరు గుర్రుమంది.

ముగ్గురూ అటు చూశారు. పదకొండూ ముప్ఫై నాలుగు.

“అంచనాల ఆఫీసు సీలు చేశారుగా?” అన్నాడు మేకు.

“పొద్దున తీశారు. ఆమె లేకపోయినా మిషన్ నడుస్తుంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “కంట్రోల్ రూమ్ వాళ్లు పంపుతారు.”

కాగితం వెచ్చగా జారింది. పంపు మామ అలవాటు కొద్దీ సూది తీసుకున్నాడు. చూసి సూది కింద పెట్టాడు. ఒక్క లావు గీత. ఎత్తు ఆరు పాయింట్ ఒకటి. సాయంత్రం నాలుక్కి. పైన ఎర్రగీత. పోగుల్లేవు.

“ఆమె నీ లాకప్‌లో ఉంది,” అన్నాడు మేకు నెమ్మదిగా. “కాగితం మాత్రం మళ్లీ నున్నగా వచ్చింది. కోర్టుకు ఇంకేం కావాలి?”

అంటూనే పైఅంచు వైపు వేలు జరిపాడు. వేలు ఏడు దాటింది. ఎనిమిది దాటింది. ఆగిన చోట తొమ్మిది అని ఉంది.

ఇరవై ఆరు పాత కాగితాల్లో ఒక్కదాంట్లో కూడా తొమ్మిది లేదు.

“ఎన్ని దాటాయి?” అన్నాడు పంపు మామ.

“తెలియదు మామా. ఒకటి ఎనిమిది దాటింది. అదొక్కటేనో, దాని వెనక ఇరవై ఉన్నాయో తెలియదు. ఆమె అయితే చెప్పేది. ఈయన చెప్పనివ్వలేదు.” మేకు ఇన్‌స్పెక్టర్ వైపు చెయ్యి చాపాడు. “తాళంచెవి.”

“ఒక్క పిచ్చి పోగు కోసం మళ్లీ రెండువేలమందినా? కంట్రోల్ రూమ్‌ని అడుగుతాను. ఫైలు తెరిచి చూడమంటాను. అరగంట.”

“గురువారం యాభై రెండు నిమిషాలు తీసుకున్నారు. తాళంచెవి.”

“ఇవ్వను. ప్రభుత్వ ఆస్తి ముట్టుకుంటే ఇద్దర్నీ లోపలేస్తాను.”

“వెయ్యి. మూడింటికి ఎలాగూ కోర్టుకు వస్తున్నావు. జీపులో చోటుంటుంది.”

మేకు నడిచి వెళ్లి ఇన్‌స్పెక్టర్‌కూ ఎర్రపెట్టెకూ మధ్య నిలబడ్డాడు. చెయ్యి ఎత్తలేదు. నిలబడ్డాడంతే. ఇన్‌స్పెక్టర్ అతని భుజం పట్టి లాగాడు. మనిషి కదల్లేదు. ఇస్త్రీ చొక్కా చంకలో చిరిగింది.

వెనక ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు. పంపు మామ చేతిలో పంపు పానా ఉంది. రెండో దెబ్బకు తాళం వంగింది. మూడో దెబ్బకు నేల మీద పడింది.

సైరన్ మొదట మూలిగింది. తర్వాత గొంతెత్తింది. కిటికీ అద్దాలు అదిరాయి. కింద దిగువ వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఎవడో నవ్వుతూ నోటితో సైరన్‌కు వంత కూశాడు. ఇంకొకడు పగలబడి నవ్వాడు. అప్పుడొక ఆడమనిషి బిడ్డను చంకనేసుకుని, ఎవరి వైపూ చూడకుండా, కట్ట మెట్లు ఎక్కడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకొకరు.

“నది రాకపోతే?” సైరన్ మీద అరిచాడు ఇన్‌స్పెక్టర్. “రాకపోతే ఏం చేస్తావురా?”

మేకు కిటికీలోంచి నీటికొలత స్తంభం వైపు చూశాడు. నీళ్లు మూడు పాయింట్ ఒకటి దగ్గర, ఏమీ ఎరగనట్టు ఉన్నాయి.

“రేపు నన్ను చూసి నవ్వుతారు,” అన్నాడు. “నవ్వడానికి మనుషులుంటారు.”